కత్తిపీట మీద నత్త

నూర్ అహ్మద్ ఆ రోజు మంచి కోపం మీద ఉన్నాడు. దర్గాలో గురువారం అన్నదానం అతని బాధ్యత. జనం వచ్చి కూర్చున్నారు, తోటకూర ఇంకా తరగడం కాలేదు. తరిగేవాడు దస్తగిరి. వాడు తిండి తిన్నా నిదానమే, నడిచినా నిదానమే.

నూర్ ఇక ఆగలేక గురువు ఖాదర్ బాబా దగ్గరికి వెళ్లి, వాణ్ణి పంపేయమన్నాడు. దస్తగిరికి వేరే ఇల్లూ వాకిలీ లేవని తెలిసే అన్నాడు. కోపం అంత పని చేయిస్తుంది.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. దర్గాకు రాకముందు బడిలో ఇంగ్లీషు చెప్పిన నోరాయె.

"ఇట్లాంటోళ్లను ఇంగ్లీషులో స్లగ్గర్డ్ అంటారు బాబా," అన్నాడు.

బాబాకు కొత్త మాటలంటే చిన్నపిల్లల సరదా. అర్థమేమిటి, ఎక్కడ పుట్టిందని అడిగాడు. నూర్ సగం కోపం మరిచి పాఠం మొదలుపెట్టాడు. ఒళ్లు వంచనివాడు, పక్క దిగనివాడు అని అర్థం. ఉత్తరాన చలిదేశాల పాత మాటలోంచి వచ్చిందంటారు. చాలాకాలం మనుషులనే అలా తిట్టారు. ఆ తర్వాతెప్పుడో చిప్పలేని నత్త పాకడం చూసి, ఆ తిట్టులోంచే దానికి స్లగ్ అని పేరు తగిలించారు.

"అంటే సోమరిని తిట్టిన మాట తెచ్చి దాని నెత్తిన పెట్టినారు," అన్నాడు బాబా. "దాన్ని ఎవురన్నా సరిగా చూసినారా?"



బాబా లేచి వంటింటికి నడిచాడు. నూర్ వెనకే వెళ్లాడు. దస్తగిరిని జనానికి మంచినీళ్లు పొయ్యమని పంపాడు. వానాకాలం కదా, కడగని తోటకూర కట్టలో చిప్పలేని నత్త ఒకటి దొరికింది. దాన్ని ఆకుతో సహా తీసి కత్తిపీట అంచుకు ఆనించాడు. పొద్దున్నే సానపట్టిన కత్తి అది.

నూర్ ఆకు అందుకోబోయాడు. "తెగిపోతాది బాబా," అన్నాడు.

బాబా చెయ్యెత్తి ఆపాడు.

నత్త మెడ సాచి అంచును తడిమింది. కాసేపు ఆగింది. తర్వాత మెత్తటి ఒళ్లంతా ఆ పదును మీద ఆనించి కదిలింది. గోరు తగిలితే చిట్లిపోయేటట్టున్న ఒళ్లు. అది కత్తి అంచు మీదే పాకుతూ పోతోంది, ఎక్కడా చిన్న గాటు పడలేదు. వెనక తడి జాడ మాత్రం మెరుస్తోంది. నూర్ వంగి చూశాడు. అన్నం ఏదని బయట జనం పిలుస్తున్నా అతనికి వినబడలేదు. ఇంత చిన్న ప్రాణికి ఇంత విద్య నేర్పినవాడెవడా అని అతని కళ్లు చెమర్చాయి.

అవతలి కొసన బాబా ఆకు పట్టాడు. నత్త దాని మీదికి దిగింది.

"ఇప్పుడు చెప్పు నాయనా. దీన్ని ఏమంటారంటివి?"

ఆ మాట నూర్ నోటిదాకా వచ్చింది కానీ పెదవి దాటలేదు. తల వంచుకున్నాడు.

"దస్తగిరిని ఉండనీ బాబా," అన్నాడు.

బాబా ఆకును తీసుకెళ్లి పెరట్లో తడి నేల మీద పెట్టి వచ్చాడు.

"నేనడిగింది నత్త సంగతి నాయనా," అన్నాడు.