కంప్యూటర్‌లో దాచిన కాగితం

పార్వతీపురంలోని ఒక ఆసుపత్రిలో, తన కంప్యూటర్లు ఎన్నటికీ ఆగవని మహా ధీమాగా తిరిగే త్రినాథ్ అనే ఉద్యోగి ఉండేవాడు.

పనిలో దిట్టే. రోగుల వివరాలు, వాడే మందులు, ఎవరికి ఏ మందు పడదో, అన్నీ అతను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. అది ఆగిపోతే ఏం చేయాలో రాసి పెట్టమని పెద్ద డాక్టరుగారు అడిగితే పన్నెండు పేజీలు రాశాడు. చేత్తో నింపుకోవడానికి ఖాళీ ఫారాలు కూడా ముచ్చటగా తయారుచేశాడు.

"నాలుగు కాపీలు తీసి వార్డులో పెట్టు బాబూ" అంది హెడ్ నర్సు మార్తమ్మ.

"కాయితాలెందుకు సిస్టర్? కంప్యూటర్‌లో భద్రంగా ఉన్నాయి. కావాలంటే చిటికెలో తీస్తాను" అని నవ్వాడు.

మార్తమ్మ నవ్వి తన పనిలో పడింది. ఆమెకు త్రినాథ్ అంటే ముద్దు. మధ్యాహ్నం తన క్యారేజీలో అతనికీ రెండు ముద్దలు ఉంచేది.

ఒక సోమవారం ఉదయం పదింటికి కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. త్రినాథ్ ఎంత తంటాలు పడినా లేవలేదు.

"ఏం చేయాలో రాశావుగా, ఆ పేజీలేవి?" అన్నారు డాక్టరుగారు.

అవి ఆగిపోయిన కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

అంతలో మూడో మంచం మీదున్న అప్పలస్వామికి జ్వరం ముదిరి స్పృహ తప్పింది. ఏ మందు పడదో చెప్పడానికి పక్కన తోడు మనిషి కూడా లేడు. డాక్టరుగారు పెన్సిలిన్ ఇవ్వమన్నారు. ఒక చిన్న నర్సు సూది సిద్ధం చేసింది.

"ఆగమ్మా" అంది మార్తమ్మ. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసింది. ఎవరికి ఏది పడదో రోజూ డ్యూటీ ఎక్కగానే అందులో రాసుకోవడం ఆమెకు పాతికేళ్ల అలవాటు. "ఇతనికి పెన్సిలిన్ పడదు డాక్టరుగారూ. ఇస్తే మనిషి దక్కడు."

వెంటనే మందు మార్చారు. సాయంత్రానికి అప్పలస్వామి కళ్లు తెరిచి గంజి అడిగాడు.

త్రినాథ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను తిట్టండి సిస్టర్" అన్నాడు.

"తిడితే ఏటొస్తాది బాబూ? తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళమేసినావు. రా, ముందు అన్నం తిను. ఆనక ఇద్దరం కూకొని ఫారాలు గీద్దాం."

కంప్యూటర్లు లేచేసరికి రెండు రోజులు పట్టింది. అందాకా త్రినాథ్ తెల్లకాగితాల మీద స్కేలుతో గీతలు గీస్తూనే ఉన్నాడు. వేళ్లు బొబ్బలెక్కాయి. ఆ తర్వాత ప్రతి వార్డులోనూ ఫారాల కట్ట వేలాడింది. నెలకో శనివారం గంటసేపు ఎవరినీ కంప్యూటర్ ముట్టనిచ్చేవాడు కాదు. విసుక్కున్నవాళ్ల పక్కనే కూర్చుని, కాగితం మీద పని ఎలా నడపాలో ఓపికగా నేర్పేవాడు.

నీతి: ఆపదలో ఆదుకోవాల్సినదాన్ని ఆ ఆపదకు అందని చోట, మన చేతికి అందే చోట ముందే ఉంచుకోవాలి.