చెక్క చేపకు ఏ కర్ర?

దావూదుకు వంగడమంటే గిట్టదు. నమాజులో వంగుతాడు, అదీ అందరికంటే ముందొచ్చి, అందరికీ కనబడేచోట నిలబడి. మిగతా వేళల్లో ఎవరేం చెప్పబోయినా, అది నాకెప్పుడో తెలుసన్నట్టు తలెగరేయడమే. తప్పు మాట అటుంచండి, పొరపాటు అనే మాట కూడా అతని నోట ఎవరూ విన్నది లేదు.

గోదావరి సముద్రంలో కలిసే చోట, మడచెట్ల నడుమ, ఫకీరులు కలిసి బతికే తకియా ఒకటి ఉండేది. ఉండేదంటే పెద్ద కట్టడమేం కాదు. రెండు తాటాకు పాకలు, ఒక వంటసాల, దిగడానికి ఒక రేవు. అక్కడి గురువుని చుట్టుపక్కల పల్లెలవాళ్ళు రేవు బాబా అనేవారు. అసలు పేరేమిటో అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "ఏదో ఉండాలే" అనేవాడు.

గురువారం ఆ రేవులో ఎవరు దిగినా కడుపునిండా అన్నం, చేపల పులుసు పెట్టాలి. చేపలు తేవడం శిష్యుల వంతు. ఒక్కో వారం ఒక్కొక్కరు దోనె వేసుకుని వెళ్ళేవారు. సాయంత్రం బంతిలో కూర్చున్నాక, అన్నంలో చెయ్యి పెట్టకముందు, ఆ రోజు నీటిమీదికి వెళ్ళినవాడు ఏ చేప తప్పిపోయిందో, ఎందుకు తప్పిపోయిందో అందరి ముందూ చెప్పాలి. పట్టిన చేపల సంగతి అక్కర్లేదు.

"పట్టింది బుట్టలో కనిపిస్తుంది. పోయింది నువ్వు చెబితేనే కదా తెలిసేది" అనేవాడు బాబా.

చెప్పినవాణ్ణి ఎవరూ ఎదురు ప్రశ్న అడగకూడదు. అదొక్కటే కట్టుబాటు.

తకియాలో గంగాద్రి అని ఒక ముసలాయన ఉండేవాడు. ఒకప్పుడు పడవలు కట్టిన వడ్రంగి. చేతులకు వణుకు పట్టుకున్నాక పడవల పని చెయ్యలేక ఇక్కడికొచ్చి చేరాడు. అరచెయ్యంత బూరుగు చెక్క తీసుకుని చేపలు చెక్కేవాడు. గడ్డం కింద చిన్న రేకు నాలుక, కడుపు కింద సన్నటి గాలాలు రెండు. దోనె వెనక దారానికి కట్టి లాగితే ఆ చెక్క ముక్క మునిగి, తోక ఊపుకుంటూ, ప్రాణమున్న చేపలా వచ్చేది. పండుగప్ప చేప ఎంత తెలివైనదైనా దాన్ని చూస్తే ఆగలేదు. ఒక్కో చేప చెక్కడానికి ఆయనకు వారం పట్టేది. వణుకు ఆగిన క్షణం చూసి ఒక గాటు, మళ్ళీ ఆగిన క్షణం ఇంకొక గాటు.

ఆ గురువారం వంతు దావూదుది.

గాలపు కర్రలు పాక గోడకు వేలాడుతుంటాయి. చెక్క చేప చేతిలో పట్టుకుని, వాటిలో అన్నిటికంటే లావుపాటిది, గట్టిది, నల్లగా నిగనిగలాడేది కిందికి దించాడు దావూదు. గుమ్మం దగ్గర కూర్చున్న గంగాద్రి చూశాడు.

"అబ్బాయ్, అది అడుగున పడుకునే పెద్ద చేపలకి. చెక్క చేపకి ఆ చివర ఉందే, ఆ వంగేది, అది పట్టుకెళ్ళు."

దావూదు ఆ చివరి కర్రను వేలితో తాకాడు. తాకితేనే ఊగింది.

"ఇది కర్రేంటి మావా, తోటకూర కాడ! చేతులు వణికేవాళ్ళకి లోకమంతా మెత్తగానే ఉండాలి మరి."

పక్కనున్నవాళ్ళు నవ్వారు. గంగాద్రి కూడా నవ్వాడు. నవ్వి, వణికే చేతిని పంచె మడతలో పెట్టుకున్నాడు.

పాయలోకి వెళ్ళాక, కర్ర పిడిని తొడకింద అదిమిపెట్టి తెడ్డు వేయసాగాడు దావూదు. చెక్క చేప ముచ్చటగా నడిచింది. మడవేళ్ళ పక్కగా రెండు మలుపులు తిరిగాడో లేదో, దారం గుంజింది. కర్ర అందుకుని ఒక్క లాగు లాగాడు. పండుగప్ప నీళ్ళమీదికి ఎగిరి, తల విదిలించి, వెళ్ళిపోయింది.

రెండోది ఇంకా పెద్దది. అదీ ఎగిరింది, అదీ విదిలించింది. కర్ర గురిగింజంత కూడా వంగలేదు. దారం వదులై చెక్క చేప ఒడిలో వచ్చి పడింది. గాలం కొనకు చేప పెదవి ముక్క అంటుకుని ఉంది, చిటికెనవేలి గోరంత.

దావూదుకు అప్పుడే తెలిసిపోయింది. వంగని కర్ర చేప విదిలింపును తనలోకి తీసుకోలేదు, సన్నటి గాలం దాని నోరు చీల్చుకుని వచ్చేస్తుంది. వెనక్కెళ్ళి కర్ర మార్చుకు రావచ్చు. ఎంత దూరం, కేకేస్తే వినబడేంత. కానీ పాక గుమ్మంలో గంగాద్రి కూర్చుని ఉంటాడు. వంగే కర్ర కోసం ఆ ముసలాయన ముందు నడిచి వెళ్ళాలి. అంతకంటే చేప పోతే పోయిందనుకున్నాడు. ఆ పెదవి ముక్కను గాలం నుంచి తీసి నీళ్ళలో పారేశాడు.

మూడోది కూడా అలాగే పోయింది.

ఆ సాయంత్రం బంతిలో నలభైమంది దాకా ఉన్నారు. పులుసులో చేప లేదు, ముల్లంగి ముక్కలున్నాయి. దూరం నుంచి వచ్చినవాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. బాబా దావూదు వైపు చూశాడు.

దావూదు లేచి నిలబడ్డాడు. నిజం చెప్పాలనే లేచానని అతనికి అనిపించింది. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"చెక్క చేప నడక బాలేదు బాబా. పక్కకి ఒరిగిపోతోంది. చేపలు దగ్గరికొచ్చి చూసి, తిరిగి వెళ్ళిపోయాయి." అక్కడితో ఆపినా పోయేది. ఆపలేదు. "చెక్కిన చేతిలో పట్టు తప్పినట్టుంది."

కట్టుబాటు ప్రకారం ఎవరూ ఏమీ అడగలేదు. గంగాద్రి తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "అయ్యుంటుంది" అన్నాడు నెమ్మదిగా, ఎవరితోనో కాదు. బాబా అన్నం వడ్డించాడు.

మర్నాడు పొద్దున నుయ్యి దగ్గర ఆ కబురు దావూదు చెవిన పడింది. గంగాద్రి మావ ఉలీ, బాడిసే గోనెసంచిలో వేసి మూతి కట్టేశాడట. మొదటి పడవకి అవతలి ఒడ్డున మేనకోడలి ఇంటికి వెళ్ళిపోతాడట. పని చెయ్యలేనివాడు కూర్చుని తినకూడదు అన్నాడట. ఆ మేనకోడలి ఇంట్లో ఆయన్ని ఎలా చూస్తారో అందరికీ తెలుసు. అక్కణ్ణుంచేగా నాలుగేళ్ళ కిందట వచ్చింది.

దావూదు చేతిలో చేద జారి నూతిలో పడింది. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. వెళ్ళి చెప్పెయ్యాలి. కానీ ఏమని? ఇంతమందిలో అన్న మాటను ఏ మొహం పెట్టుకుని వెనక్కి తీసుకుంటాడు? రేపు బంతిలో ఎలా కూర్చుంటాడు? మాట నోటిదాకా వచ్చింది, పళ్ళ దగ్గర ఆగిపోయింది. ముసలాయన నడిచి రేవుకి వెళ్ళడం వంటసాల చాటు నుంచి చూస్తూ ఉండిపోయాడు. తనమీద తనకే రోత పుట్టింది.

"దావూద్!"

బాబా పిలుపు. పాక ముందు ఆయన నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఆ గట్టి కర్ర, ఇంకో చేతిలో నిన్నటి చెక్క చేప. దాని వీపుమీద సన్నటి పంటి గీతలున్నాయి. చూసి వెళ్ళిపోయిన చేపలు గీతలు పెట్టవు. బాబా ఆ గీతల మీద ఒకసారి బొటనవేలు పోనిచ్చి, దారం నుంచి చెక్క చేపను విప్పి జేబులో వేసుకున్నాడు. ఖాళీ దారం కొసను దావూదు జుబ్బా పైబొత్తానికి ముడివేశాడు.

"పరిగెత్తు."

"నేనా బాబా?"

"నువ్వే. నువ్వు పండుగప్పవి. పరిగెత్తు."

గురువు మాట కాదనేదేముంది. దావూదు నాలుగంగలు వేశాడు. బాబా కర్రను ఒక్క లాగు లాగాడు. టప్పున బొత్తాం ఊడింది, ఊరికే ఊడలేదు, గుడ్డ ముక్కను పట్టుకుని మరీ ఊడింది. ఛాతీమీద చిన్న కన్నం పడింది.

బాబా వంగి బొత్తాం ఏరి, దానికి వేలాడుతున్న గుడ్డ ముక్కతో సహా దావూదు అరచేతిలో పెట్టాడు.

చిటికెనవేలి గోరంత ముక్క. దావూదు దానివైపు చూశాడు, గబుక్కున గుప్పిట మూసేశాడు. తల ఎత్తలేకపోయాడు. ఆయనకు తెలుసు. ఏం తెలుసో, ఎంత తెలుసో కానీ తెలుసు. ఇప్పుడు తిడతాడు, తిడితే బాగుండును అనుకున్నాడు.

బాబా తిట్టలేదు. లోపలికెళ్ళి చివరన వేలాడే ఆ ఊగే కర్ర తెచ్చాడు. దాని దారం రెండో బొత్తానికి కట్టాడు.

"మళ్ళీ పరిగెత్తు."

ఈసారి దావూదు పరిగెత్తితే కర్ర అతని వెంటే వంగింది. పిడి దగ్గరిదాకా వంగింది కానీ కుదుపన్నదే లేదు. అటు తిరిగితే అటు వచ్చింది. ఆగితే నిదానంగా తనవైపు తీసుకుంది. బొత్తాం చెక్కు చెదరలేదు. ఎప్పుడు వెనక్కి తిరిగాడో, ఎప్పుడు బాబా వెంట నడవడం మొదలుపెట్టాడో అతనికే తెలియలేదు. వంటసాల దాటారు, నుయ్యి దాటారు. శిష్యులు పనులాపి చూస్తున్నారు. రేవు దారి పట్టేసరికి దావూదు కాళ్ళు నిలిచిపోయాయి.

"బాబా, అటు వద్దు."

బాబా గట్టిగా లాగలేదు. కర్ర వంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సన్నటి దారం అది, రెండు వేళ్ళతో తెంపితే తెగుతుంది. దావూదు చెయ్యి దానిదాకా వెళ్ళింది. అక్కడే ఆగి, కిందికి దిగిపోయింది. కాసేపటికి మళ్ళీ అడుగు పడింది.

రేవులో పడవ కోసం చేపలమ్మే ఆడవాళ్ళు నలుగురు గంపలు దించుకుని కూర్చున్నారు.

"బాబోయ్, ఎంత చేపని పట్టావు బాబా!" అని ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్ళు పకపకా నవ్వారు.

దావూదుకు ఆ నవ్వు వినబడలేదు. గోనెసంచి మీద కూర్చున్న గంగాద్రి ఒక్కడే కనబడ్డాడు.

"కాస్త పట్టుకో గంగాద్రీ, నాకు చెయ్యి నెప్పెడుతోంది" అని బాబా కర్రను ఆయన చేతిలో పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ముసలాయనకు ఏమీ అర్థం కాలేదు. కర్రవైపు చూశాడు, దారంవైపు చూశాడు, దారం ఆ కొసన తల వంచుకుని నిలబడ్డవాడి వైపు చూశాడు. ఆయన చేతి వణుకు కర్రలోకి పాకింది, కర్రలోంచి దారంలోకి వచ్చింది. దావూదు బొత్తాం గుండెమీద సన్నగా వణకసాగింది.

అప్పుడు మాట పళ్ళు దాటింది.

"నీ చేప బాగానే నడిచింది మావా. ఎక్కడా ఒరగలేదు. మూడు పండుగప్పలు పట్టాయి. తప్పు కర్ర నేనే తీసుకెళ్ళాను. నోళ్ళు చీరుకుని పోయాయి."

పడవ వచ్చి రేవుకు తగిలింది. ఆడవాళ్ళు గంపలెత్తుకుని ఒక్కొక్కరే ఎక్కారు. ముసలాయన మొలలోంచి చిన్న కత్తి తీసి, కుర్రాణ్ణి విడిపిద్దామని దారంవైపు చెయ్యి చాపాడు.

దావూదు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీ మావా. ఇంకా ఉంది. రెండో చేపకే నాకు తెలిసింది. తెలిసీ..."

"ఏం గంగాద్రీ, ఎక్కుతావా లేదా?" పడవవాడు కేకేశాడు.

గంగాద్రి అటు తిరగలేదు. కత్తి మొలలో పెట్టుకున్నాడు.

"నువ్వు పడవ తీసుకెళ్ళిపో. ఇక్కడ చేప ఇంకా ఒడ్డుకి రాలేదు."