తిరుగు గాలి

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రం ఒడ్డున ఇసకలో ఒక పేట. ఊ కొట్టాలి మరి, ఊ కొట్టకపోతే నేను చెప్పను. ఆఁ, అలాగ. ఇది రాజుల కథ కాదు, గాలి కథ. మధ్యలో ఏడుపొస్తే నా చెయ్యి పట్టుకో. ఆపమని మాత్రం అనకు. సగం కథ విని పడుకుంటే పీడకలలొస్తాయి.

ఆ పేటలో అందరూ చేపలు పట్టేవాళ్ళే. వాళ్ళ ఇళ్ళు మూడు రకాలు. కొన్ని చుట్టిళ్ళు. అంటే గుండ్రంగా మట్టిగోడ, పైన తాటాకు కప్పు. చూరు నడుం దాకా వంగి ఉంటుంది. ఎంత మొనగాడైనా తల వంచితేనే లోపలికి పోగలడు. కొన్ని రేకుల ఇళ్ళు. ఎండాకాలం వాటిలో ఉంటే పెనం మీద కూచున్నట్టే. కొన్ని పెంకుటిళ్ళు. లావుపాటి గోడలు, తాటి దూలాలు, అందులో ఉండేవాళ్ళకి కాస్త గొప్ప. వీటన్నిటికీ ఎగువన స్తంభాల మీద కట్టిన ఒక డాబా ఉండేది. తుఫానొస్తే ఊరంతా అందులోకి పోయేవారు. దాన్ని తుఫాను షెల్టరు అనేవారు.

ఆ పేటలో పోలయ్య తాత అని ఒకాయన. ఆయన కుర్రతనంలో పెద్ద తుఫానొచ్చింది. అప్పటికి ఈ షెల్టరు లేదు. గాలి ఒక పక్క నుంచి కొట్టి కొట్టి, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆకు కూడా కదల్లేదు. హమ్మయ్య అనుకుని జనం బయటికొచ్చారు. పోలయ్య పెళ్ళాం కూడా, "కోళ్ళేమయ్యాయో సూసొస్తాను" అని వెళ్ళింది. అప్పుడు రెండో పక్క నుంచి గాలి విరుచుకుపడింది. తుఫాను నడిమి భాగం దాటాక అలాగే వెనక్కి తిరిగి కొడుతుంది. బయటికెళ్ళిన వాళ్ళెవరూ మళ్ళీ ఇల్లు చేరలేదు.

ఆ గాలికి పేట వాళ్ళు తిరుగు గాలి అని పేరు పెట్టారు. ఆ తర్వాత పోలయ్య తాత ఊళ్ళో పుట్టిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఒకటే మాట నేర్పాడు. "గాలాగిందని తలుపు తియ్యకండి. అదాగలేదు, తిరుగుతోంది." ఆ మాట విని ఎన్ని తుఫానుల్లో ఎంతమంది బతికారో చెప్పలేను. మాట మంచిదే. అది మర్చిపోకుండా మిగతా కథ విను.

పోలయ్యకి అన్న కూతురు వరస అయ్యే పారమ్మ అని ఒకామె ఉండేది. పాపం, ఆమెకి పిల్లలు పుడుతూనే పోయేవారు. ఆఖరికి ఒక ఆడపిల్ల పుడితే, ఇదైనా దక్కాలని పక్కింటామెకి ఇచ్చేసి, చేటెడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కుంది. తవుడిచ్చి కొన్న పిల్ల కాబట్టి తవిటమ్మ అని పేరు పెట్టుకుంది. నవ్వకు. అటువైపు అది ఎంతో ముద్దు పేరు. తవిటమ్మ దక్కింది. పెరిగి పెద్దదై షెల్టరు పక్కనున్న పెంకుటింటికి కోడలుగా వెళ్ళింది. ఆ తర్వాత ఆమెకీ ఒక ఆడపిల్ల పుట్టింది. పారమ్మకి కాళ్ళు నేల మీద ఆనలేదనుకో.

ఆ ఏడు వైశాఖంలో, ఒక మధ్యాహ్నం. రేడియో ఏమీ చెప్పలేదు. మగవాళ్ళు చాలామంది సముద్రం మీదికి వేటకి పోయారు. తవిటమ్మ పెరట్లో కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద బిడ్డని పడుకోబెట్టి నీళ్ళు పోస్తోంది. అప్పుడు నీళ్ళ మీద ఒక నల్లమబ్బు దిగింది. మబ్బులోంచి తొండంలా ఒకటి కిందికి వేలాడింది. ఆ తొండం నీటిని తాకింది, ఆ తర్వాత ఇసకని తాకింది, అంతే, గిరగిరా తిరుగుతూ పేట మీదికొచ్చేసింది.

అది తుఫాను కాదమ్మా. సుడిగాలి. మన వీధిలో కాగితాలు తిప్పే సుడిగాలి చూశావుగా, దానికి ముత్తాత అనుకో. అలాంటిది ఆ పేటలో పోలయ్య తాతతో సహా ఎవరూ చూసి ఎరగరు.

జనం షెల్టరు వైపు పరుగెత్తారు. పారమ్మ కూతురి ఇంటి దగ్గర ఆగి, "రాయే గుంటా, బేగి రా!" అని కేకేసింది.

"ఒళ్ళంతా సబ్బే, జారిపోతాది. నువ్వు పో అమ్మా, మా గోడలు గట్టివే," అంది తవిటమ్మ. బిడ్డని చీర కొంగులో చుట్టుకుని ఇంట్లోకి పోయింది. వెనకొచ్చే జనం పారమ్మని తోసుకుంటూ మెట్లెక్కించేశారు. ఆ తోపులాటలో ఆమె ఎంత గింజుకుని ఏం లాభం?

సుడిగాలి ముందు చుట్టిళ్ళ మీద పడింది. తాటాకు కప్పుల్ని కుండ మీది మూత తీసినట్టు తీసి పారేసింది. గోడలు మాత్రం నిలబడ్డాయి. గోడ మొదట్లో ముడుచుకున్న వాళ్ళు తల ఎత్తి చూస్తే పైన ఆకాశం. ఆ తర్వాత రేకుల ఇళ్ళ మీద పడింది. రేకులు లేచి ఎగిరి, దారిలో ఉన్న వేపచెట్టు కొమ్మల్ని కోసేశాయి. ఆ ఇళ్ళల్లో అప్పటికి మనుషులు లేకపోవడం వాళ్ళ అదృష్టం. ఆ తర్వాత తవిటమ్మ ఉన్న పెంకుటిల్లు. పెంకులన్నీ ఒక్కసారి లేచాయి. పట్టు లేని గోడ ఊగింది, లోపలికి కూలింది. గొప్ప చెప్పుకునే ఆ గట్టి గోడే బరువై కూచుంది.

ఆ తర్వాత గాలి ఆగిపోయింది. వచ్చిందెంతసేపని, పోయిందెంతసేపని!

షెల్టరులో ఎవరో తలుపు తియ్యబోయారు. పోలయ్య తాత లేచి, గడియ పెట్టి, తలుపుకి వీపు ఆనించి కూచున్నాడు. "తియ్యకండి. తిరుగు గాలొస్తాది," అన్నాడు. అందరూ తలలూపి ఎక్కడి వాళ్ళక్కడ కూచున్నారు. చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న మాట కదా.

అప్పుడు కింద నుంచి ఒక కేక వినబడింది. "అమ్మా!"

పారమ్మ ఎగిరి లేచింది. "నా కూతురు సిన్నాన్నా. తలుపు తియ్యి."

"కూకో పారమ్మా. నా పెళ్ళాం కూడా ఇలాగే ఎల్లింది. నువ్వెళ్తే ఇద్దరూ పోతారు."

పారమ్మ తలుపు మీద పడింది. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెని పట్టుకుని కూచోబెట్టారు. పగతో కాదే తల్లీ, ప్రేమతోనే పట్టుకున్నారు. అది తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

రెండో కేక వినబడింది. "ఎవులైనా రండర్రా, బిడ్డుంది!" గొంతు సన్నబడింది. పోలయ్య తాత చెవులు మూసుకోలేదు. విన్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, వీపు మాత్రం తలుపు మీంచి తియ్యలేదు.

మూడోసారి మాట లేదు. పెంకుముక్కతో రాయి మీద కొట్టినట్టు టక్కు టక్కుమని చప్పుడు. కాసేపటికి అదీ ఆగిపోయింది.

కుండలో అన్నం ఉడికేంత సేపు అందరూ అలాగే కూచున్నారు. ఏ పక్క నుంచీ గాలి రాలేదు. తలుపు సందులోంచి ఎండ పడింది. బయట కాకి అరిచింది. తుఫాను నడుమ ఎండా రాదు, కాకీ అరవదని పేటలో అందరి లెక్క. పోలయ్య తాత మొహం పాలిపోయింది. లేచి గడియ తీశాడు.

ఇక చూడు, ఎవరికి వారే దూకారు. పారలు లేవు, పలుగులు లేవు. ఒకరి చేతిలోంచి ఒకరికి పెంకులు, మట్టిబెడ్డలు అందించుకున్నారు. చుట్టిళ్ళ వాళ్ళొచ్చారు, తమ ఇంటికి కప్పు లేదని గుర్తే లేదు వాళ్ళకి. అందరూ భుజాలు పెట్టి దూలం లేపారు. దాని కింద తవిటమ్మ బోర్లా వంగి ఉంది. ఆమె పొట్ట కింద బిడ్డ. బిడ్డ నోట్లో, ముక్కులో దుమ్ము లేకుండా వేలితో తుడుస్తూ ఉన్నట్టుంది, ఆ వేలు ఇంకా బిడ్డ బుగ్గ మీదే ఉంది. బిడ్డ కెవ్వుమంది.

తవిటమ్మ మాట్లాడలేదు. ఒంట్లో వెచ్చదనం ఇంకా పోలేదు. పారమ్మ ఆ చెయ్యి పట్టుకుని, "ఎచ్చగా ఉందే, ఎచ్చగానే ఉందే," అంటూ ఉండిపోయింది. సాయంత్రం వేట నుంచి వచ్చిన తవిటమ్మ మొగుడు ఒడ్డు మీంచే జనాన్ని చూశాడు. పడవ కట్టకుండానే పరుగెత్తుకొచ్చాడు.

ఏడుపొస్తోందా? రా, నా దగ్గరికి జరుగు. నాకూ వస్తోంది.

ఆ తర్వాత ఊరంతా ఒక్క పొయ్యి మీద వండుకుంది. బియ్యం ఎవరివని ఎవరూ అడగలేదు. సరుగుడు తోటలో పడిన తాటాకు కప్పుల్ని మోసుకొచ్చి మళ్ళీ గోడల మీద కూచోబెట్టారు. చేలల్లో వెతికి రేకులు తెచ్చి, వంకరలు కొట్టి సాపు చేశారు. బిడ్డకి ముగ్గురు బాలింతలు పాలిచ్చారు. పొద్దున ఒకామె, మధ్యాహ్నం ఒకామె, రాత్రి ఒకామె. అలా ఊరి పాలు తాగి పెరిగింది ఆ పిల్ల.

పెంకుటిల్లు మాత్రం మళ్ళీ కట్టలేదు. పోలయ్య తాత ఒక్కడే కూచుని పగలని పెంకులు ఏరి వరసగా పేర్చాడు. రోజూ చేపలు తెచ్చి పారమ్మ గుమ్మంలో పెట్టేవాడు. ఆమె వాటిని ముట్టుకునేది కాదు, ఆయనతో మాట్లాడేది కాదు. ఆ చేపలు తిని వీధి పిల్లి మాత్రం బలిసింది. ఊళ్ళో సగం మంది తాతది తప్పన్నారు, సగం మంది కాదన్నారు. నన్నడిగితే, మాట తప్పు కాదు. మనిషి పిలుస్తుంటే తలుపు తియ్యకపోవడం తప్పు. నాకు ఇంకో రకంగా చెప్పడం రాదు.

ఆ పిల్లకి నడక వచ్చింది. మరుసటి ఏడు కార్తీకంలో మళ్ళీ గాలొచ్చింది. ఈసారి నిజం తుఫాను. రేడియో ముందే చెప్పింది. పక్కపేటల వాళ్ళు కూడా వచ్చి షెల్టరు కిక్కిరిసింది. గాలి ఒక పక్క నుంచి కొట్టి కొట్టి, పట్టపగలే ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎండ రాలేదు. కాకి అరవలేదు. ఇది ఏ గాలో అందరికీ తెలుసు.

అప్పుడు బయట ఒక కేక. "అమ్మే... అమ్మే..." అన్నట్టుగా ఉంది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరు రాలేదు? ఇంతమందిలో ఎవరికి తెలుస్తుంది? ఎవరూ కదల్లేదు. అందరి కళ్ళూ పోలయ్య తాత మీదే.

ఆయన లేచాడు. వల తాడు ఒకటి నడుముకి కట్టుకున్నాడు. రెండో కొస నేల మీద పడేశాడు, పట్టుకోమని ఎవరినీ అడగలేదు. "మీరెవులూ రాకండి. తిరుగు గాలొస్తాది, తప్పకుండా వస్తాది," అన్నాడు. గడియ తీసి మెట్లు దిగిపోయాడు.

పారమ్మ మనవరాలిని కిందికి దించింది. తాడు కొస చేతికి చుట్టుకుని తలుపులో నిలబడింది.

తాడు సాగింది, సాగింది, ఆగింది. ఆ తర్వాత రెండో పక్క ఆకాశం హోరుమంది. తిరుగు గాలి బయల్దేరింది. "లాగండర్రా!" అని పారమ్మ అరిచింది. ఊరంతా ఆ తాడు పట్టుకుంది. పోలయ్య తాత మెట్ల మీద పడుతూ లేస్తూ వచ్చి లోపల పడ్డాడు. తలుపు మూసేశారు. గాలి వచ్చి ఆ తలుపుని ఫెడేల్మని కొట్టింది.

తాత చంకలోంచి ఒకటి కిందికి దిగి, ఒళ్ళు దులుపుకుని, "మ్మే" అంది. మేకపిల్ల! రేకు కింద కాలు ఇరుక్కుంది దానికి. భయం భయంగా ఉన్న జనం ఒక్కసారి గొల్లున నవ్వారు. "మేక కోసమా తాతా!" అని పొట్టలు పట్టుకున్నారు.

పారమ్మ నవ్వలేదు. ఆమె అరచేతులు తాడు ఒరుసుకుని నెత్తురు కారుతున్నాయి. ఇన్నాళ్ళ తర్వాత ఆయనతో మొదటి మాట మాట్లాడింది.

"మేకకి తీశావు కదా సిన్నాన్నా తలుపు. నా తవిటికి తియ్యలేదే."

నవ్వులన్నీ ఆగిపోయాయి. పోలయ్య తాత తల ఎత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"తియ్యలేదమ్మా," అన్నాడు.

తిరుగు గాలి కొడుతూనే ఉంది. ఆయన చలికి గజగజా వణుకుతున్నాడు. పారమ్మ మనవరాలిని ఒళ్ళో పెట్టుకుని కూచుంది. ఆ తర్వాత గోడ వారగా జరిగి, తన పక్కన ఒక మనిషి కూచునేంత చోటిచ్చింది.

గాలేమో కడలికి, కథేమో కంచికి,
నువ్వేమో నిద్దరకి, నేనేమో నీ పక్కకి.