నిప్పుల కుండ ఎవరిది

రాజేశం చెప్పిన కథలో ఒక్క తప్పు కూడా దొర్లలేదు. అయినా మరునాటి ఉదయం రంగధామునిపేట కులపెద్ద అతన్ని పిలిపించి, వచ్చే ఏడు నుంచి కథకులు రానవసరం లేదని మర్యాదగానే చెప్పాడు.

రంగధామునిపేట నేతగాళ్ల ఊరు. ఒకానొక కరువు కాలంలో వారి పూర్వులు ఏరు దాటి వచ్చి అక్కడ మగ్గాలు నిలుపుకున్నారు. ఆ వృత్తాంతమంతా ఒక పొడవాటి బట్ట మీద బొమ్మలుగా ఉంది. దాన్ని పటం అంటారు. పటాన్ని రెండు గుంజల నడుమ వేలాడదీసి, సన్నని కర్రతో బొమ్మలు చూపుతూ మూడు సాయంత్రాలు కథ చెప్పే హక్కు రాజేశం వంశానిది. ఇన్నేళ్లూ ఆ పని చేసినవాడు అతని పెదనాన్న సోమలింగం. గురువు కూడా ఆయనే. ఈసారి తొలి సాయంత్రాన్ని ఆయన శిష్యుడికి అప్పగించాడు.

కులపెద్ద దూడం బాలకిషన్‌కు కథ మీద ద్వేషమేమీ లేదు. పైగా ఆ కథ కోసమే ఆయన బెంగపడుతున్నాడు. పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, పిల్లలకు ముత్తాత పేరు కూడా తెలియదు, ఇక ఆలస్యం చేస్తే ఏమీ మిగలదని ఆయన వాదన. అందుకే పట్నం నుంచి మంచి రికార్డరు తెప్పించాడు. మూడు సాయంత్రాలూ అందులోకి ఎక్కించి, ఇకపై ఏటా పండుగకు మైకులో వినిపిద్దామని నిర్ణయించాడు. అక్షరం పోదు, తరాలు మారినా చెక్కుచెదరదు. రికార్డింగు చెడిపోకూడదని తొలి సాయంత్రం తానే జనం మధ్య తిరుగుతూ, దగ్గినవారి వైపు కళ్లెర్రజేసి చూశాడు.

అందువల్ల ఆ సాయంత్రం చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దంగా సాగింది. ఆ నిశ్శబ్దం తనకు దక్కిన గౌరవమని రాజేశం పొంగిపోయాడు. కొందరు కూర్చున్నచోటనే కునుకు తీయడం అతను గమనించలేదు.

ఇప్పుడు ఆ ఆనందమంతా ఆవిరైపోయింది. పదేళ్ల వయసు నుంచి నేర్చుకున్న విద్య, తన నోట తొలిసారి పలికిన మరునాడే అక్కరలేనిదైపోయింది. అతను వెళ్లి పెదనాన్న ఎదుట కూర్చున్నాడు.

"నా చెప్పుట్ల ఏం లోపమున్నది, పెద్దబాపూ?"

"ఏ లోపం లేదు," అన్నాడు సోమలింగం. "ఈ పూట నేను చెప్త. నువ్వు తాళం పట్టు."

సాయంత్రం జనం మళ్లీ చేరారు. నిన్నటికన్నా పలచగానే ఉన్నారు. బాలకిషన్ ముందు వరుసలో రికార్డరు పక్కనే కుర్చీ వేసుకొని, పెదవుల మీద వేలు పెట్టి అందరినీ హెచ్చరించాడు. సోమలింగం పటానికి మొక్కి, ఏరు దాటే ఘట్టం ఎత్తుకున్నాడు.

వరద ఉరకలేస్తున్నది. ఒక ఇంటివారు నేసిన బట్టను చుట్టే మగ్గపు దోనెను భుజాన ఎత్తుకున్నారు, మరో ఇంటివారు కులదేవతను. ముసలాయన గొంతులో నీళ్ల హోరు వినిపిస్తున్నది. రాజేశం తాళం వేస్తూ ప్రతి చరణం చివర మాటను అందుకుంటున్నాడు. కర్ర కొన, తల మీద నిప్పుల కుండ పెట్టుకొని వరదలో అడుగేస్తున్న స్త్రీ బొమ్మ మీదికి జరిగింది. పటంలో ఆమె ముఖం ఉంది, చీర రంగు ఉంది, ఇంటిపేరు మాత్రం లేదు. అది కథకుడే చెప్పాలి.

"ఆవలి గట్టున తొలి పొయ్యి రాజేయడానికి నిప్పు మోసిన ఆ తల్లి ఎవరు? ఆడెపు వారి ఇల్లాలు!"

రాజేశం చేతిలో తాళం తడబడింది. ఆడెపు వారు కారు, దూడం వారు. పెదనాన్నకు మతి తప్పిందా? పక్కకు వంగి సరైన పేరు అందించబోయాడు. సోమలింగం అతని వైపు చూడకుండానే చేయి చాచి, రెండు తాళాలనూ కలిపి గట్టిగా అదిమిపట్టాడు. మోగబోయిన చప్పుడు ఆయన అరచేతిలోనే ఆగిపోయింది.

అరుగు మీది ఆడెపు వారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంటి పెద్దాయన మీసం సవరించుకున్నాడు.

సోమలింగం కర్రను ఆ బొమ్మ మీదే ఉంచి, తొందరేమీ లేనట్టు నిలబడ్డాడు.

కుర్చీ వెనక్కి పడిన చప్పుడయింది.

"ఆగుండ్రి!" అన్నాడు బాలకిషన్. నిన్నటి నుంచి ఊరందరి నోళ్లూ మూయించినవాడు ఆయనే. ఇప్పుడు రికార్డరు మీదుగానే అరిచాడు. "ఆడెపోళ్లెట్లయితరు? నిప్పు తెచ్చింది మా దూడమోళ్లు!"

"పటంల రాసున్నదా?" అని అరుగు మీది నుంచి ఎవరో రెచ్చగొట్టారు.

"రాసుడెందుకు? మా మేనత్తనడుగు!"

మేనత్తను అడగవలసిన పని లేకపోయింది. ఆమె అప్పటికే కోడలి భుజం పట్టుకొని లేచింది. కుండ ఏటి నడుమనే పగిలిందనీ, ఆ తల్లి నిప్పుకణికలను తడి కొంగులో మూటగట్టుకొని గట్టెక్కిందనీ, అందుకే దూడం వారింట కొత్త కోడలి పెళ్లిచీర కొంగుకు నిప్పుకణిక తాకిస్తారనీ, వణికే గొంతుతోనే ఊరంతా వినేలా చెప్పింది. పక్కనున్న కోడలు నోరు తెరిచి ఆమె వైపు చూసింది. తన పట్టుచీరకు పడిన ఆ చిల్లు చూసి పెళ్లినాడు ఏడ్చానని, ఎందుకు కాల్చారో నేటివరకూ తనకెవరూ చెప్పలేదని ఆమె అనగానే ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు.

ఆడెపు పెద్దాయన ఊరుకోలేదు. నిప్పు మీదైతే కానీండి, మగ్గంలో అడ్డపోగు నడిపే నాడెను తెచ్చింది మాత్రం తామేనన్నాడు. నాడె లేకుంటే మీ నిప్పుతో బట్ట నేసేవారా అని నిలదీశాడు. దానికి అటు పక్క నుంచి జవాబు వచ్చింది. ఆ జవాబుకు ఇటు పక్క నుంచి మరొకటి. ఇళ్లలో ఉన్నవాళ్లు గొడవేమిటో చూద్దామని వచ్చి, వచ్చినవాళ్లు వచ్చినట్టే అందులో దిగారు. పిల్లలు తండ్రుల చొక్కాలు లాగి, మరి మనవాళ్లు ఏం తెచ్చారని అడుగుతున్నారు. ఒక తండ్రికి తెలియలేదు. సిగ్గుపడుతూ తల్లి దగ్గరికి వెళ్లాడు.

"ఒక మేకను తెచ్చినం బిడ్డా," అన్నది ఆ ముసలమ్మ. "గట్టెక్కంగనే పారిపోయింది."

పేట పేటంతా విరగబడి నవ్వింది. ఆ మేక ఎటు పారిపోయి ఉంటుందన్న విషయం మీద మళ్లీ రెండు పక్షాలయ్యాయి.

రాజేశం తాళాలు ఒళ్లో పెట్టుకొని కూర్చుండిపోయాడు. ఏటి ఘట్టం తనకు వచ్చినంతగా మరెవరికీ రాదని అతను నమ్మాడు. పగిలిన కుండ అందులో లేదు. కాలిన కొంగూ లేదు, మేకా లేదు.

హోరు కాస్త తగ్గాక సోమలింగం చేతులు జోడించాడు. పొరపాటయిందనీ, క్షమించమనీ అడిగి, చరణాన్ని మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆ తల్లి ఎవరు అని అడిగి ఆయన ఊపిరి తీసుకునేలోగానే, దూడం వారి ఇల్లాలు అని పేట అంతా ఒక్క గొంతుతో పలికింది. ఆడెపు వారూ పలికారు.

కథ ముగిశాక బాలకిషన్ రికార్డరు చెవి దగ్గర పెట్టుకొని విన్నాడు. అందులో తన అరుపూ, దాని మీద ఊరి కోలాహలమూ తప్ప మరేమీ తెలియడం లేదు. ఆయన దాన్ని మూసి, ముసలాయన దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి జాలిగా మాట్లాడాడు.

"పెద్దయ్యా, మీకు వయసు మీదపడ్డది. ఈ తప్పు ఇట్లనే దీంట్ల పడితే మా పిల్లలు అదే నిజమనుకుంటరు. వచ్చే ఏడు సుత రాండ్రి. మేమందరం దగ్గర కూసుంటం. ఎక్కడన్న యాది మరిస్తే చెప్తం."

"మీ దయ," అన్నాడు సోమలింగం, తల వంచి.

బాలకిషన్ వెనకే నిలబడ్డ ఇద్దరు యువకులు, పాపం ముసలాయనకు చాదస్తం ముదిరిందని చెప్పుకున్నారు. ఆ మాట రాజేశానికి ములుకులా తగిలింది. జనం వెళ్లేదాకా ఆగి, నిజంగానే గుర్తులేదా అని పెదనాన్నను అడిగాడు. సోమలింగం పటాన్ని చుడుతూ, ఏరు దాటిన ఇళ్ల పేర్లన్నింటినీ చివరి నుంచి మొదటి దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పి, తాడు ముడివేశాడు.

మూడో సాయంత్రం పొద్దు వాలక ముందే పేట నిండిపోయింది. చాపల కోసం పిల్లలు కొట్లాడుకుంటున్నారు. తమ ఇంటి వంతు వచ్చినప్పుడు కథకుడు ఏమంటాడోనని, పెద్దలు ముందుగానే తమలో తాము పేర్లు సరిచూసుకుంటున్నారు. గుంజల వెనుక సోమలింగం కర్రను రాజేశం చేతికి ఇచ్చి, తాళాలు తాను తీసుకున్నాడు.

రాజేశం గొంతు తగ్గించి అడిగాడు. "ఎక్కడ తప్పాలె, పెద్దబాపూ?"

"వాళ్లు ఊకోలేని కాడ."

రాజేశం కర్రను అటూ ఇటూ తిప్పాడు. పటం అవతల జనం అతని పేరు పెట్టి పిలుస్తున్నారు. నిన్నటి యువకులిద్దరూ ముందు వరుసలోనే ఉన్నారు.

"నాకు కథ రాదనుకుంటరు గద."

"అనుకుంటరు," అన్నాడు సోమలింగం, తాళాల దారం వేలికి చుట్టుకుంటూ. "వాళ్లకు వస్తది గద."