శేషమ్మ చీర రంగు

నీరజాక్షికి రంగుల విషయంలో ఒక పట్టింపు ఉండేది. తెలియని రంగు వేయదు.

పాత నలుపు తెలుపు ఫొటో ఏది వచ్చినా ముందు దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్లో మరకలూ గీతలూ పోగొట్టి, ఆ తర్వాత ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసేది. గోడకు ఏ రంగు సున్నం కొట్టేవారు, పాప గౌను ఏ రంగు, కుర్చీ మీద గుడ్డ ఎలా ఉండేది, అన్నీ అడిగేది. గుర్తులేదంటే ఆ భాగాన్ని బూడిదరంగులోనే వదిలేసేది. ఒక్క మీట నొక్కితే కంప్యూటరే తనకు తోచిన రంగులు నింపే సదుపాయం కూడా ఉంది. ఆమె దాని జోలికి పోయేది కాదు.

ఈ పద్ధతి ఆమెకు దేవసహాయం మాస్టారి దగ్గర వచ్చింది. ఏలూరులో ఆయనకు చిన్న స్టూడియో ఉంది. వయసులో ఉన్నప్పుడు పుల్లకు దూది చుట్టి ప్రింటు మీదే రంగులు అద్దేవాడు. కంప్యూటర్లు వచ్చాక, జుట్టు నెరిశాక, కూర్చుని ఫొటోషాప్ నేర్చుకున్నాడు. నీరజ పనికి చేరిన రోజు ఆయన చెప్పింది ఒక్కటే.

"నీకు తెలియని రంగు వేయకమ్మా."

ఆమె ఆ మాటను గట్టిగా పట్టుకుంది. మాస్టారి కంటే ఈ అమ్మాయే గట్టిదని వచ్చినవాళ్లు అంటూ ఉండేవారు. అది విన్నప్పుడు ఆమెకు లోలోపల బాగానే ఉండేది.

ఒకరోజు పొద్దున గురునాథం అనే పెద్దాయన వచ్చాడు. రోడ్డు రోలర్ నడిపి రిటైరైన మనిషి. ప్లాస్టిక్ కవర్లోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు.

పెరట్లో పొయ్యి పక్కన ఒకావిడ నిలబడి ఉంది. తెల్లచీర. నుదుట బొట్టు లేదు. చెంగు చివర రెండు చేతులతో పట్టుకుని, ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు చూస్తోంది.

"మా అమ్మ, శేషమ్మ" అన్నాడు గురునాథం. "ఉన్నది ఈ ఫొటో ఒక్కటే. నా పెళ్లిలో తీశారు. అప్పటికే మా నాన్న లేడు. పందిట్లోకి రాకూడదన్నారు, వెనకాలే ఉండిపోయింది. ఫొటోలు తీసే ఆయన మంచినీళ్లకని పెరట్లోకి వెళ్లి, కనబడితే తీశాడంట."

"దీనికి రంగులు వేయాలాండీ?"

"ఎర్రచీర వేయాలమ్మా. బొట్టు కూడా పెట్టాలి. వచ్చే నెల మా మనవరాలి పెళ్లి. హాల్లో పెద్దవాళ్ల ఫొటోలు వరసగా పెడుతున్నారు. అమ్మది ఇలా పెడితే వియ్యాలవారు ఏమన్నా అనుకుంటారని మా ఇంట్లో వాళ్ల భయం. శుభకార్యంలో ఇదేమిటంటారని."

"ఆవిడ ఎప్పుడైనా ఎర్రచీర కట్టుకునేవారా?"

"ఎక్కడమ్మా. నాకు ఊహ తెలిసేసరికే తెల్లచీర."

నీరజ ఫొటోను మెల్లగా ఆయన వైపు జరిపింది.

"అయితే నేను వేయలేనండీ. లేని రంగు వేస్తే అది మీ అమ్మగారు అవదు."

గురునాథం ఫొటో తీసుకుని కవర్లో పెట్టుకోబోయాడు. అంచు కవర్లోకి సరిగ్గా పోలేదు.

లోపలి నుంచి దేవసహాయం మాస్టారు వచ్చాడు.

"కూర్చోండి. నేను వేస్తాను."

నీరజ తలెత్తి చూసింది.

"మాస్టారూ, మీరే కదా..."

"ఆయనకు ఆ కుర్చీ ఇలా లాగమ్మా. తెర కనబడాలి."

ఆమె కుర్చీ లాగి, గోడ దగ్గరకు పోయి నిలబడింది.

మాస్టారు ఫొటో స్కాన్ చేసి తెర మీద తెరిచాడు. తొందరపడలేదు. మౌస్‌తో చీర అంచు వెంట జాగ్రత్తగా గీత గీసి, కుంకుమ ఎరుపు నింపాడు. మడతల్లో నీడలు చెడకుండా పలచన చేశాడు. నుదుట గుండ్రని బొట్టు పెట్టాడు. అడగకుండానే చేతులకు ఆకుపచ్చ గాజులు వేశాడు. ఇన్నేళ్లలో ఆయన ఇంత బాగా చేసిన పని నీరజ చూడలేదు. అందుకే ఇంకా కష్టంగా అనిపించింది.

"చూడండి" అని మాస్టారు పక్కకు జరిగాడు.

గురునాథం కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగాడు. చాలాసేపు చూశాడు.

"బాగుందండీ" అన్నాడు. "మహాలక్ష్మిలా ఉంది."

మాస్టారు తల ఊపాడు. ప్రింటు తీస్తాననలేదు. అలాగే కూర్చున్నాడు.

వీధిలో ఆటో ఒకటి ఆగి, ఎవరినో ఎక్కించుకుని వెళ్లిపోయింది.

"ఈవిడైతే పందిట్లోకి వచ్చి కూర్చునేది" అన్నాడు గురునాథం.

ఇంకాసేపటికి, "మా అమ్మ రాలేదు" అన్నాడు.

ఆయన తెర మీది నుంచి చూపు తిప్పుకున్నాడు.

"తీసెయ్యండి మాస్టారూ."

మాస్టారు ఒకసారి నొక్కాడు. ఎరుపు పోయింది. బొట్టు, గాజులు పోయాయి. శేషమ్మ మళ్లీ పొయ్యి పక్కన నిలబడింది.

మాస్టారు కుర్చీలోంచి లేచి, నీరజను కూర్చోమని చెయ్యి చూపించాడు. ఆమె కూర్చుంది. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ, పొయ్యి ఇటుకలకు ఇటుక రంగు, నేలకు మట్టి రంగు, ఆవిడ ముఖానికీ చేతులకూ చామనఛాయ వేసింది. చీరను ముట్టుకోలేదు. అది తెల్లచీరే కదా.

గురునాథం మళ్లీ తెర వైపు తిరిగాడు.

"చీర ఇలా ఉండేది కాదమ్మా."

"తెల్లచీరేనన్నారు కదండీ?"

"అందరూ అలాగే అనేవారు." ఆయన వేలు తెర దాకా తీసుకెళ్లి ఆపేశాడు. "నీలిమందు పెట్టేది. బకెట్లో కలిపి ముంచేది. ఇంత ఎందుకు పోస్తావని మా నాయనమ్మ కేకలేసేది. చెయ్యి జారిందత్తా అనేది మా అమ్మ."

నీరజ వింటోంది.

"ప్రతివారం జారేది" అన్నాడు గురునాథం.

ఆ మాట అని తనే ఆగిపోయాడు. ఎన్నో ఏళ్లుగా తెలిసిన సంగతే. మొదటిసారి విన్నట్టు ఉంది ఆయన ముఖం.

నీరజ రంగుల పళ్లెం తెరిచింది. నీలాల్లో ఒకటి ఎంచుకుని, బాగా పలచన చేసి, చీర మీద ఒక మడత వరకు వేసి చూపించింది.

"ఇంతా అండీ?"

"ఇంకొంచెం."

ఆమె పెంచింది.

"ఇంకొంచెం అమ్మా. తీగ మీద ఆరేస్తే దూరం నుంచే తెలిసేది."

ఇంకాస్త పెంచింది. ఇక చాలన్నట్టు ఆయన చెయ్యెత్తాడు. భుజం మీది తువ్వాలు తీసుకుని కళ్లజోడు తుడుచుకున్నాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

ప్రింటు బయటికి వచ్చాక దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుతురులోకి తీసుకెళ్లి చూసుకున్నాడు.

"పెద్దది కూడా ఒకటి తీయండి. ఫ్రేము కట్టించాలి. ముందు వరసలో పెడతాను."

"ఇంట్లో వాళ్లు?" అంది నీరజ.

"వాళ్లకి నేను చెబుతాలే. మా అమ్మ చీర సంగతి వాళ్లకెవరికీ తెలియదు."

ఆయన వెళ్లిపోయాక నీరజ కుర్చీలోంచి లేవలేదు. మాస్టారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, ఆయన ఆ ఎర్రచీరే ఉంచమంటే?"

"ప్రింటు తీసి ఇచ్చేవాణ్ణి."

"అబద్ధమని తెలిసీనా?"

"నువ్వు వద్దని చెప్పావు" అన్నాడు మాస్టారు. "ఎర్రచీరలో అమ్మ ఎలా ఉంటుందో ఆయన అప్పటికింకా చూడలేదమ్మా."

అంతే అని, టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లిపోయాడు.

నీరజ తెర వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత కిందటి వారం పూర్తి చేసిన ఒక ఫొటో తెరిచింది. భీమడోలు ఊరివాళ్లది. పడక్కుర్చీలో ఒక ముసలాయన, ఒంటి మీద పంచె. తెల్లపంచె అని వాళ్లు చెబితే, ఇక అడగాల్సింది ఏమీ లేదని వదిలేసింది.

ఫోన్ తీసి ఆ ఇంటి నంబరు నొక్కింది. అవతల ఎవరో ఎత్తారు.

"స్టూడియో నుంచి నీరజనండీ. తాతగారి బట్టలు ఎవరు ఉతికేవారు?"