మొదటి వణుకు

ఒక మడుగులో ఒక ముసలి చేపకు వణకడమే ఉద్యోగం.

కొండ మీది తొలకరి నీరు మడుగులోకి దిగే చోట ఒక రాతి సందు ఉండేది. ఏటా వేసవి చివర ముసలాయన ఆ సందులో నిలిచేవాడు. కొత్తనీటి చల్లదనం ముందుగా ఆయన ఒంటికే తగిలేది. తగలగానే తలనుంచి తోకదాకా ఒక్కసారి వణికేవాడు. అది చూసి పక్కనే కాచుకున్న పీత ఆల్చిప్ప మీద డప్పు కొట్టేది. డప్పు మోగితే పెళ్ళిళ్ళు, పెళ్ళిళ్ళయితే గుడ్లు. డప్పు మోగకముందే గుడ్డు విడవకూడదని ఎవరూ ఆజ్ఞాపించలేదు. విడవవచ్చునని ఎవరికీ తోచలేదు, అంతే.

ఆ ఏడు వానలు పడ్డాయి, కొత్తనీరూ దిగింది. అయితే అది పొయ్యి మీదనుంచి దింపి కాస్త ఆరనిచ్చిన గంజిలా ఉంది. ముసలాయన వణకలేదు. పీత ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే మూడు రోజులు ఉండిపోయింది.

"ఏమన్నా, ఈ ఏడు చర్మం ఇంట్లో మరిచిపోయి వచ్చావా?" అంది చివరకు.

"నీళ్ళు వెచ్చగా ఉన్నాయిరా తమ్ముడూ."

"నీళ్ళ సంగతి నాకెందుకు? నా చెయ్యి లాగేస్తోంది. నువ్వు వణికితే నేను కొడతాను. నాకు తెలిసిన పని అదొక్కటే."

కబురు విని, మడుగును ఏలే వాలుగ రాజుగారు స్వయంగా విచ్చేశారు. నీటిలోనే ఉన్న మీసాలను మరొకసారి నీటిలో ముంచి పరీక్షించారు.

"నీటిలో లోపమేమీ కనబడదు" అన్నారు. "మా తాతగారి హయాంలో ఇది చల్లగా ఉండేది. ఇకముందు కూడా చల్లగానే ఉంటుందని వారు శాసనం వేయించారు. కనుక లోపం నీ చర్మానిది."

ఆస్థాన నత్తలు ముసలాయన ఒంటిని మూడు పూటలూ తోమాయి. మెరుపు వచ్చింది కాని వణుకు రాలేదు. కొలువులో చలి మహిమను గురించి ప్రసంగాలు జరిగాయి. విన్నవారు రెక్కలు చరిచి చరిచి నీటిని మరికాస్త వేడెక్కించారు.

ఇరవయ్యో రోజున ముసలాయన మనవరాలు వచ్చింది. పొట్టనిండా గుడ్లు. ఈదలేక, అడుగున ఇసుకలో దొర్లుకుంటూ వచ్చింది.

"తాతా, ఇవి లోపలే ముదిరిపోతున్నాయి. మా పిన్ని నిన్న ఇలాగే మోసి మోసి పోయింది, తెలుసా?"

"చలి రాలేదు తల్లీ. రానిదాన్ని వచ్చిందని ఎలా చెప్పను?"

"చెప్పమని ఎవరన్నారు? వణుకు, చాలు."

"వెచ్చని నీళ్ళలో గుడ్డు బతకదమ్మా."

"నాలోనే కుళ్ళితే నేను మాత్రం బతుకుతానా?"

ముసలాయన ఎన్నడూ అబద్ధం వణకలేదు. ఎలా వణకాలో కూడా ఆయనకు తెలియదు. ఇన్నేళ్ళూ ఆ పని చలే చూసుకునేది. కళ్ళు మూసుకుని ఒక మంచి ఏడును తలచుకున్నాడు. అప్పుడు మనవరాలి తల్లి గుడ్డులో ఉంది. గాజుపూసలాంటి గుడ్డు, లోపల రెండు నల్లని కళ్ళు. ఆ కళ్ళను తలచుకుంటూ ముందు తోకను, తరువాత నడుమును, ఆఖరున తలను కదిలించాడు. వరుస తలకిందులైంది.

పీత అది గమనించింది. అయినా కొట్టింది.

మడుగంతా పెళ్ళి సందడి. రాజుగారు నాచు శాలువ కప్పుకుని "అబ్బ, ఏం చలి!" అన్నారు. కొలువంతా "అబ్బ!" అంది. మనవరాలు రాతి సందు దిగువన గుడ్లు విడిచి, చాలా రోజుల తరువాత తిన్నగా ఈదింది. అది చూసి ముసలాయన, తాను చేసింది తప్పు కాదేమో అనుకున్నాడు.

అయిదో రోజున ఆమె ఆయనను పిలుచుకుపోయింది.

"చూడు తాతా, ఎంత తెల్లగా ఉన్నాయో! మా అమ్మ గుడ్లు కూడా ఇంత తెల్లగా ఉండేవా?"

ముసలాయన వంగి ఒక గుడ్డులో కళ్ళకోసం వెతికాడు. రెండో గుడ్డులో వెతికాడు. తల ఎత్తి చూస్తే మడుగు అడుగంతా, కనుచూపు మేర, ఉడికిన అన్నం ఆరబోసినట్టు తెల్లగా ఉంది. మనవరాలు వాటికి రెక్కతో మెల్లగా విసురుతోంది.

"ఇంకా నిద్రపోతున్నాయి కదూ?" అంది.

అప్పుడు ముసలాయన వణికాడు. తలనుంచి తోకదాకా, సరైన వరుసలో. ఆపుకోవాలని పక్కనున్న రాతిని కరిచి పట్టుకున్నాడు. ఆగలేదు.

పైన సందులోనుంచి పీత కళ్ళు సాచి చూసింది.

"ఇదీ వణుకంటే! అన్నా, ఇదీ అసలైన వణుకు!" అని మురిసిపోయి, రెండు చేతులా డప్పు అందుకుంది.

మనవరాలి రెక్క ఆగింది. డప్పు మోగుతున్న వైపు తల తిప్పి, ఖాళీ పొట్టతో, పెళ్ళి వరుసలో నిలబడడానికి బయలుదేరింది.