నాలుగు మూరల చాప

ఎవరేమడిగినా పెంచలయ్య స్వామి వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఈతాకు చాప అల్లుకుంటూనే వినేవారు. స్వర్ణముఖి ఒడ్డున ఆయన ఆశ్రమంలో శిష్యులందరికీ ఆ పని తప్పదు.

వెంగమ్మ అక్కడికి వచ్చి రెండు నెలలైంది. విషజ్వరంతో కూతురు కామాక్షి పోయాక, ఇంట్లో ఉండలేక వచ్చింది. ఒకనాటి ఉదయం ఉండబట్టలేక అడిగేసింది. "తొమ్మిదేళ్ళు స్వామీ! తొమ్మిదంటే తొమ్మిదే. అదీ ఒక బతుకేనా?"

స్వామి చేతులు ఒక్క క్షణం ఆగాయి. "బడి పిల్లలకు చాప కావాలన్నారమ్మా. నాలుగు మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు. మొదలుపెట్టు," అన్నారు.

ఆమె మనసు చివుక్కుమంది. కడుపుకోత చెప్పుకుంటే పని చెబుతారా? అయినా లేచింది. అంతవరకూ ఆమె అల్లినవన్నీ భోజనాల పంక్తికి పరిచే మూరెడు వెడల్పు బారు చాపలే. పన్నెండు మూరల చాపకు పన్నెండు కట్టల ఆకు పట్టేది. ఇది నాలుగు మూరలేగదా అని నాలుగు కట్టలు తెచ్చుకుంది. మూరెడు సాగిందో లేదో ఆకు అయిపోయింది. మరో నాలుగు తెచ్చింది. అవీ ఇంకో మూరకే సరిపోయాయి. మూడోనాటికి చాప పూర్తయ్యేసరికి పదహారు కట్టలు పట్టాయి.

"ఆ పొడుగు చాప కంటే ఈ పొట్టిదే ఎక్కువ ఆకు మింగింది స్వామీ!" అంది వింతపోతూ.

స్వామి వచ్చి ఆ చాప మీదే కూర్చుని, ఆమెనూ కూర్చోమన్నారు. "నీ బిడ్డ ఎలాంటిదమ్మా?" అని అడిగారు.

ఆ మాట ఆమెను అంతవరకూ ఎవరూ అడగలేదు. వెంగమ్మ తడబడుతూ మొదలుపెట్టింది. కామాక్షి చూపులేని పక్కింటి అవ్వకు ఆ పొద్దు ఏ పూలు పూశాయో రోజూ వెళ్ళి చెప్పేది. ఈనలేక అవస్థపడుతున్న మేక పక్కన కూర్చుని జోల పాడింది. పలకరింపులు మానుకున్న ఎదురింటి తోడికోడళ్ళ మధ్య, ఒకరి పచ్చడి ఇంకొకరికి మోసి మోసి, చివరికి ఇద్దరిచేతా మాట్లాడించింది. వీధిలో ఏ ఇంట్లోనైనా దానికొక ముద్ద ఉండేది.

చెబుతూ చెబుతూ ఆమె నవ్వింది, ఏడ్చింది, మళ్ళీ నవ్వింది. పొద్దు వాలిపోయింది. "ఇంకా చాలా ఉంది స్వామీ," అంది కళ్ళు తుడుచుకుంటూ.

"ఉంటుందమ్మా," అన్నారు స్వామి. "ఆనాడు నాకు పొడవొక్కటే చెప్పావు."